పసిబిడ్డ కోసం తొట్టెల, కాట్, కుర్చీ: వరంగల్ ఇళ్లలో కొనేముందు చూసుకోవలసినవి

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో మనం కట్టుకున్న ఇళ్లలోగాని, అద్దెకుంటున్న పోర్షన్లలోగాని పసిబిడ్డకంటూ ప్రత్యేకమైన గది ఉండటం అరుదు. తల్లి ఉన్న గదే బిడ్డ గది. దీన్ని లోటుగా భావించనక్కరలేదు. కనీసం మొదటి ఆరు నెలలు బిడ్డను తల్లిదండ్రుల గదిలోనే, అయితే వేరే పడకమీద పడుకోబెట్టడం మంచిదని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా సూచిస్తోంది. కాబట్టి ఆన్‌లైన్ దుకాణాల్లో కనిపించే గులాబీరంగు గది బొమ్మను మనసులోంచి తీసేసి కొనుగోలు మొదలుపెట్టడం మేలు. ఆ బొమ్మలోని సామానులో సగం మనకు అక్కరకు రాదు. మనకు నిజంగా కావలసినవాటిలో కొన్ని ఆ బొమ్మలో ఉండవు. బిడ్డకు కావలసింది సమతలంగా, గట్టిగా, ఖాళీగా ఉండే ఒక్క పడక మాత్రమే. మిగిలిన ఎంపికంతా బాలింత లేవడానికి, కూర్చోవడానికి, పాలివ్వడానికి ఏది వీలుగా ఉంటుందో దాన్నిబట్టి చేయాలి.

రెండు ఇళ్ల లెక్క

తొలి కాన్పు తల్లిగారింట్లో జరగడం మన వైపు ఇప్పటికీ ఆనవాయితీ. శ్రీమంతం చేసుకొని పుట్టింటికి వెళ్లిన ఆడబిడ్డ పురుడు, ఇరవై ఒకటో రోజు తొట్టెల వేడుక అయ్యాక, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డనెత్తుకొని అత్తగారింటికి వస్తుంది. అంటే మనం కొనే సామాను రెండు ఇళ్లలో ఇమడాలి. కనీసం ఒక ఇంటినుంచి మరో ఇంటికి ట్రాలీ ఆటోలో క్షేమంగా చేరాలి. ఈ సంగతిని ముందుగా ఆలోచించని కుటుంబాల్లో తల్లిగారు ఒకటి, అత్తగారు ఒకటి కొని, చివరికి ఒకదాన్ని అటకెక్కించడం తరచుగా జరుగుతుంది. ‘మేం పెడతాం’ అంటే ‘మేం పెడతాం’ అని ఇరువైపులా మొహమాటపడటం కన్నా, వియ్యపురాళ్లు ఇద్దరూ ఒకసారి ఫోనులో మాట్లాడుకొని ఎవరు ఏది కొంటారో తేల్చుకోవడం మంచిది.

బిడ్డ పుట్టకముందే తొట్టెల ఇంట్లోకి తేవద్దన్నది పెద్దల మాట. దానిమీద వాదన పెట్టుకోవలసిన పనిలేదు. ఏడో నెలలో దుకాణాలు తిరిగి, కొలతలు చూసి, బయానా ఇచ్చి, కాన్పు అయ్యాక ఇంటికి పంపమంటే సరిపోతుంది. అయితే ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటి ఉంది. తొట్టెలలో బిడ్డను వేసేది ఇరవై ఒకటో రోజున. మరి ఆసుపత్రి నుంచి వచ్చిన నాటినుంచి ఆ రోజుదాకా బిడ్డ ఎక్కడ పడుకోవాలి? ఏ ఏర్పాటూ లేకపోతే తల్లి మంచం మీదనే, దిండ్ల మధ్యనే పడుకోబెడతారు. మెత్తటి దిండ్లు, దుప్పట్లు, నిద్రమత్తులో ఉన్న పెద్దవాళ్లు పక్కన ఉన్న పడక పసిగుడ్డుకు ప్రమాదకరం. అందువల్ల నా సలహా ఏమిటంటే, బోల్టులు విప్పి మళ్లీ బిగించుకోగల చిన్న బేబీ కాట్ (చుట్టూ కటకటాలున్న బిడ్డ మంచం) ఒకటి కాన్పు తేదీకి ముందే తల్లిగారింటికి చేరాలి. నెలలు గడిచాక అదే బిడ్డతోపాటు అత్తగారింటికి వెళ్లాలి. పెద్దల అభ్యంతరం సాధారణంగా తొట్టెలకే గాని మంచానికి ఉండదు. తొట్టెల మాత్రం ఆనవాయితీ ప్రకారం వేడుకనాటికి వచ్చి, పగటిపూట అమ్మమ్మ కళ్లముందు ఊపడానికి పనికొస్తుంది. రాత్రి నిద్ర కాట్‌లోనే.

దుకాణానికి వెళ్లేముందు గది కొలతలు తీసుకోవాలి. పది అడుగులకు పన్నెండు అడుగుల గదిలో ఆరడుగుల డబుల్ కాట్, మూడడుగుల బీరువా ఇప్పటికే ఉంటాయి. మధ్యలో కూలరు కూడా ఉండవచ్చు. మామూలు బేబీ కాట్ పొడవు సుమారు నాలుగున్నర అడుగులు, వెడల్పు రెండున్నర అడుగులు. ఆ కొలతకు పాత వార్తాపత్రికలను అతికించి నేలమీద పరిచి, ఒకటి రెండు రోజులు అలాగే ఉంచి ఇంట్లో తిరిగి చూడాలి. బీరువా తలుపు పూర్తిగా తెరుచుకుంటున్నదా, బాత్రూముకు వెళ్లే దారిలో రెండడుగుల వెడల్పైనా మిగిలిందా, రాత్రి దీపం వేయకుండా లేచిన మనిషి కాలు ఆ పేపరుమీద పడుతున్నదా అన్నది అప్పుడే తెలుస్తుంది. గది తలుపు వెడల్పు కూడా కొలవడం మరువకూడదు. బిగించి ఉన్న కాట్ పడకగది తలుపులో పట్టక వరండాలోనే ఆగిపోవడం జరిగే విషయమే. కిటికీ పరదాల తాళ్లు, స్విచ్‌బోర్డు, చార్జర్ వైర్లు, ముఖ్యంగా ఇనుప బాడీ కూలరు బిడ్డ చేతికి అందనంత దూరంలో కాట్ స్థానం ఉండాలి. ఎండాకాలంలో ఇనుప కూలర్లు షాక్ కొట్టడం మనకు కొత్తకాదు.

ముందు తల్లి కూర్చునే కుర్చీ

2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగాయి. ఈ అంకె ఆసుపత్రులకు సంబంధించినదిగా కనిపించినా, మన కొనుగోలు పట్టికను కూడా మార్చవలసినంత పెద్దది. కడుపుమీద ఆపరేషన్ గాయం మానని తల్లి చాపమీంచి లేవలేదు, లోతైన సోఫాలో కూర్చొని బయటికి రాలేదు, నేలమీది బిడ్డను వంగి ఎత్తుకోలేదు. కాబట్టి ఉన్న డబ్బులో మొదటి భాగం ఆమె కూర్చునే, పడుకునే ఏర్పాటుకు కేటాయించాలి.

పాలిచ్చే కుర్చీ అంటే ఖరీదైన ఊగే కుర్చీ కానక్కరలేదు. కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి; వీపుకు నిటారైన ఆనుడు ఉండాలి; మోచేతులు వాలేచోట వెడల్పాటి చేతులు ఉండాలి; రెండు చేతులతో అదిమి లేచినప్పుడు కుర్చీ వెనక్కి జరగకూడదు. సీటు ఎత్తు పదహారు నుంచి పద్దెనిమిది అంగుళాలుంటే చాలామందికి సరిపోతుంది, పొట్టివారైతే కాళ్లకింద ఒక పీట వేసుకోవచ్చు. చేతులున్న మంచి ప్లాస్టిక్ కుర్చీకి ఒక దిండు జోడించినా ఈ పనులన్నీ అవుతాయి. పడక కుర్చీ మాత్రం వద్దు. అందులో పడుకోవడం సుఖమేగాని లేవడానికి పొట్టమీద బలం పెట్టాలి. దుకాణంలో కుర్చీని ఎంచేటప్పుడు గర్భిణిని వెంట తీసుకెళ్లి, ఆమెనే కూర్చోబెట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి చూడమనాలి. ఇంతకంటె నమ్మదగిన పరీక్ష లేదు.

పల్లెల్లో బాలింతకు నులక మంచమో నవారు మంచమో వేయడం ఉంది. తల్లికి అది అలవాటైన పడకే అయినా మధ్యలో జారిన అల్లికలో బిడ్డ తల్లివైపు దొర్లుకుపోతుంది, మెడ ముడుచుకుంటుంది. బిడ్డకు ఆ మంచం పనికిరాదు. తల్లికి కూడా పరుపుతో కలిపి మోకాలి ఎత్తుకు వచ్చే, పట్టెలు గట్టిగా ఉన్న చెక్క మంచం ఉండటం మేలు. బేబీ కాట్ ఆ మంచం పక్కనే, చెయ్యి చాస్తే బిడ్డ అందేటట్టు ఉండాలి.

తొట్టెల

మన ఇళ్లలో తొట్టెలలు మూడు రకాలు. దూలానికో శ్లాబు కొండికో గొలుసులతో వేలాడదీసే చెక్క తొట్టెల ఒకటి, స్టాండుతో వచ్చే స్టీలు లేదా చెక్క ఊయల రెండోది, చీరతో కట్టే జోలె మూడోది. మొదటి రకానికి అసలు పరీక్ష తొట్టెలకు కాదు, కొండికి. శ్లాబు పోసినప్పుడే లోపలి ఇనుప చువ్వలకు కట్టి వదిలిన కొండి నమ్మదగినది. ఫ్యాను కోసం పెట్టిన కొండికి తొట్టెల కట్టకూడదు. తర్వాత డ్రిల్ చేసి బిగించిన బోల్టును తెలిసిన మేస్త్రీ చూసి ఒప్పుకుంటేనే వాడాలి. గూనపెంకుల ఇంట్లో పాత దూలమైతే చెదలు పట్టిందేమో సుత్తితో తట్టి చూడాలి, డొల్ల శబ్దం వస్తే వదిలేయాలి. అన్నీ బాగున్నాయనుకున్నాక ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాను ఆ గొలుసులకే కట్టి, అరగంటసేపు ఊపి, కొండి చుట్టూ సున్నం రాలిందేమో, గొలుసు లింకు తెరుచుకుందేమో చూడాలి. వేడుకనాడు తొట్టెల చుట్టూ చేరే చిన్నపిల్లల్లో ఎవరో ఒకరు దాన్ని పట్టుకొని వేలాడకుండా ఉండరు. బస్తా బరువు ఆ లెక్కకే.

తొట్టెల అడుగు మోకాలి ఎత్తుకు మించకుండా వేలాడదీసి, కింద మందమైన దరీ (జంపఖానా) పరవాలి. తొట్టెల లోపల అడుగు సమంగా ఉండాలి. ఊపడం ఆపాక ఒకవైపు వాలితే బిడ్డ ఆ మూలకు జారి ముఖం చెక్కకు ఒత్తుకుంటుంది. స్టాండు ఊయలైతే ఊగకుండా ఆపే పిన్ను ఉన్నదే తీసుకోవాలి. బిడ్డ నిద్రపోయాక ఆ పిన్ను వేయాలి. తొట్టెల గొలుసులకు చిలుకలు కట్టడం మన ముచ్చట. నిర్మల్ కళాకారులు పొణికి చెక్కతో చేసే తేలికైన బొమ్మలు చూడటానికి ఎంతో అందంగా ఉంటాయి, కాని వాటిని బిడ్డ నోటికి చేతికి అందకుండా ఎత్తున కట్టాలి. కట్టిన దారం జానెడుకన్నా పొడవు వేలాడకూడదు. బిడ్డ చేతులమీద లేవడం మొదలుపెట్టగానే, అంటే సుమారు అయిదో నెలలో, చిలుకలనూ తీసేయాలి, తొట్టెలనూ మానాలి.

చీర జోలె గురించి కచ్చితంగా చెప్పవలసి ఉంది. అందులో బిడ్డ నడుము వంగి, గడ్డం ఛాతీకి తగిలి ఊపిరి దారి ఇరుకవుతుంది. కాస్త పెద్ద పిల్లలు అదే జోలెలో ఆడుకుంటూ చీర మెడకు చుట్టుకొని మరణించిన సంఘటనలు భారతీయ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఏడ్చే బిడ్డను చేతులారా కాసేపు ఊపడానికి వాడినా, నిద్రపోయిన వెంటనే కాట్‌లోకి మార్చి, జోలెను విప్పి మడిచి పెట్టాలి. స్ప్రింగుతో ఊగే జోలెలు కొనకపోవడమే మంచిది.

కాట్ ముందు నిలబడి చూడవలసినవి

టేపు ఒకటి, ఏటీఎం కార్డు ఒకటి జేబులో పెట్టుకొని వెళ్లాలి. కాట్ కమ్ముల మధ్య సందు ఆరు సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే బిడ్డ మొండెం జారి తల ఇరుక్కుంటుంది. ఏటీఎం కార్డు పొట్టి అంచు సుమారు అయిదున్నర సెంటీమీటర్లుంటుంది కాబట్టి ఆ అంచు అడ్డంగా పెట్టినప్పుడు సందులో ఇంచుమించు సరిగ్గా పట్టాలి, వదులుగా ఆడకూడదు. ఇలా రెండు మూడు చోట్ల చూడాలి, ఎందుకంటే చేత్తో చేసిన కాట్లలో ఒక్కో సందు ఒక్కోలా ఉంటుంది. తర్వాత కమ్మిని పిడికిట పట్టి తిప్పాలి. తిరిగితే అది రంధ్రంలో గట్టిగా బిగిసి లేదని అర్థం. నాలుగు మూలల కోళ్లు పైకి పొడుచుకు రాకుండా అంచుతో సమంగా ఉండాలి, లేకపోతే బిడ్డ చొక్కా వాటికి తగులుకుంటుంది; మనవాళ్లకు ఇష్టమైన చెక్కిన బుడిపెలు ఇక్కడ అందంకన్నా హాని చేస్తాయి.

ఒకవైపు కటకటాలు కిందికి జారే కాట్లు చూడటానికి సౌకర్యంగా ఉంటాయి గాని, ఆ జారే భాగం ఊడి పిల్లలు ఇరుక్కుపోయి మరణించిన కారణంగా అమెరికా 2011లో వాటి అమ్మకాన్ని నిషేధించింది. మన దుకాణాల్లో అవి ఇంకా కనిపిస్తాయి, తీసుకోకూడదు. అడుగు పలకను కనీసం రెండు ఎత్తుల్లో బిగించుకునే వీలుండాలి. మొదట్లో పైన ఉంటే తల్లికి వంగే శ్రమ తగ్గుతుంది; బిడ్డ కూర్చోవడం మొదలుపెట్టగానే కిందికి దించాలి. కింద ఉన్నప్పుడు పరుపు పైభాగం నుంచి కటకటాల పై అంచుకు రెండడుగులకు పైగా ఎత్తు ఉండటం అవసరం. చక్రాలుంటే రెండింటికైనా లాక్ ఉండాలి. ఇవన్నీ చూశాక కాట్ పై అంచును రెండు చేతులతో పట్టి గట్టిగా ఊపాలి. దుకాణం మనిషి నొచ్చుకున్నా ఫరవాలేదు, ఏడాది తిరిగేలోగా బిడ్డ అంతకన్నా గట్టిగానే ఊపుతుంది.

వడ్ల పనివారితో, అంటే వడ్రంగులతో, చేయించుకోవడం మన దగ్గర ఇప్పటికీ సాధ్యమే, చాలాసార్లు దుకాణంలో దొరికేదానికన్నా మంచి సరుకు వస్తుంది. టేకైనా, వేపైనా, ఏ చెక్కయినా బాగా ఎండినదై ఉండాలి. పచ్చి చెక్క వేసవికి పగిలి, కీళ్లు వదులై, సందులు పెరుగుతాయి. టేకు కోత మిల్లులో బిల్లుతోనే కొనాలి. పనివారికి నోటిమాటతో వదిలేయకుండా కొలతలన్నీ కాగితంమీద రాసి ఇవ్వాలి: లోపలి పొడవు వెడల్పులు, కమ్ముల సందు, అడుగు పలక ఎత్తులు, మూలలు మేకులతో కాక విప్పుకునే బోల్టులతో రావాలన్న సంగతి. ముందు పరుపు కొని, దాని కొలతకు కాట్ చేయించడం తెలివైన పని. కాట్ చేయించి తర్వాత పరుపు వెతికితే ఏదో ఒక పక్క ఖాళీ మిగులుతుంది. పెళ్లిళ్ల మాసాల్లో, అంటే మాఘం, ఫాల్గుణం, వైశాఖాల్లో, పనివారంతా మంచాలు, డ్రెస్సింగ్ టేబుళ్ల పనిలో మునిగి ఉంటారు కాబట్టి కాన్పు ఆ రోజుల్లో ఉంటే రెండు నెలలు ముందే చెప్పుకోవాలి.

రంగు విషయంలో జాగ్రత్త తప్పదు, పళ్లు వచ్చే బిడ్డ కాట్ అంచును కొరకడం ఖాయం. మనదేశంలో గృహోపయోగ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమలులో ఉంది. డబ్బామీద ఆ వివరం ముద్రించి ఉంటుంది. డబ్బా చూపని పనివారితో, విడిగా కొలిచి అమ్మే రంగుతో పని చేయించవద్దు. తాతల నాటి తొట్టెలను దించి వాడాలనుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి, ఆ మమకారం కాదనలేనిది. అయితే పాత ఆయిల్ పెయింటులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని ఇంట్లో గరుకు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము గర్భిణికి, ఇంట్లోని పిల్లలకు హాని చేస్తుంది. అలాంటి తొట్టెలను వేడుకనాడు అలంకరించి, బిడ్డను ఒకసారి వేసి తీసి, తర్వాత గౌరవంగా దాచుకోవడం మధ్యేమార్గం. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక) సామానైతే ఘాటు వాసన పోయేదాకా గాలి ఆడేచోట ఉంచాలి, కనుక కొత్త సామాను గదిలోకి కాన్పుకు కొన్ని వారాల ముందే చేరడం మంచిది.

పరుపు, దోమతెర, మిగిలిన చిల్లర

పరుపుమీద అరచేతితో గట్టిగా నొక్కి వదిలితే గుంట మిగలకూడదు. కాట్‌లో పరిచాక పరుపుకూ అంచుకూ మధ్య రెండు వేళ్లకన్నా ఎక్కువ సందు ఉండకూడదు. బూరుగు దూది పరుపు పసిబిడ్డకు మరీ మెత్తన. మామూలు పత్తి పరుపును బిగుతుగా, పలచగా కుట్టించినా కొన్నాళ్లకు గడ్డలు కడుతుంది. కొబ్బరి పీచు పరుపు గాని గట్టి ఫోము గాని తీసుకొని, పైన రబ్బరు షీటు, దానిమీద బిగుతుగా తొడిగే నూలు దుప్పటి వేస్తే చాలు. సెట్టుగా అమ్మే బుల్లి దిండ్లు, అంచులకు కట్టే మెత్తలు, ఆవాల దిండు, పాత చీరల బొంత, బొమ్మలు ఏవీ బిడ్డ నిద్రపోయే కాట్‌లో ఉండకూడదు. అమ్మమ్మ ప్రేమతో కుట్టిన బొంతను పగలు ఒళ్లో పడుకోబెట్టుకున్నప్పుడు వాడుకోవచ్చు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి.

వానకాలపు కాన్పు అయితే దోమతెర తప్పనిసరి. తెర బిగుతుగా నిలిచి, బిడ్డ చేతికి అందకుండా, అంచులు పరుపు కిందికి దోపుకునేలా ఉండాలి. గొడుగులా మడిచే చిన్న తెరలు బిడ్డ కాళ్లు ఆడించే వయసు వచ్చేదాకానే పనికొస్తాయి. ఎండాకాలమైతే కూలరు గాలి నేరుగా బిడ్డమీదకు రాని మూలను ముందే చూసుకోవాలి.

బట్టలు మార్చే ప్రత్యేక బల్ల మనకు దండగ. ఆ డబ్బుతో మడత దండెం స్టాండు కొనండి. ముసురు పట్టినప్పుడు పొత్తిగుడ్డలు ఆరబెట్టే చోటులేక పడే ఇబ్బంది పెద్దది. కాళ్లు చాపి బిడ్డకు నీళ్లు పోసే పెద్దామెకు నడుము ఆనే ఎత్తులో ఒక పీట చూడాలి. నేలమీద ఆడించడానికి కొత్తవాడలో నేసే నూలు దరీలు అన్నిటికన్నా అనువైనవి, గట్టిగా ఉంటాయి, ఉతికితే పోవు; వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చక్రాల వాకరు ఎవరైనా బహుమతిగా ఇస్తామంటే ముందే వద్దని చెప్పాలి, ప్రమాదాల కారణంగా కెనడా 2004లోనే దాన్ని నిషేధించింది. డ్రాయర్ల బీరువాను గోడకు ఎల్-క్లాంపుతో (ఎల్ ఆకారపు ఇనుప పట్టీతో) బిగించాలి, పిల్లలు డ్రాయర్లు లాగి వాటిమీద ఎక్కితే అది మీద పడుతుంది. అద్దె ఇల్లయితే గోడకు రంధ్రం పెట్టడానికి ఇంటివారిని ముందే అడగాలి.

బయానా ఇచ్చేటప్పుడు రసీదుమీద వస్తువు కొలత, చెక్క రకం, మిగిలిన మొత్తం, కాట్ అయితే కాన్పుకు ముందు ఎప్పటికి, తొట్టెల అయితే కాన్పు అయ్యాక ఎన్నిరోజుల్లో పంపుతారన్నది రాయించుకోవాలి. కాన్పు తేదీ ముందు వెనకలు కావచ్చునని అప్పుడే చెప్పాలి. బిగించడానికి వచ్చిన మనిషి ఉండగానే ప్రతి బోల్టునూ మీ చేత్తో తిప్పి చూసి, మిగిలిన స్క్రూలు, బోల్టులు తిప్పే అలెన్ కీ ఒక కవరులో పెట్టి కాట్ అడుగునే టేపుతో అతికించండి. అత్తగారింటికి మార్చేరోజున అవి వెతుక్కునే పని తప్పుతుంది. అక్కడ మళ్లీ బిగించాక మొదటి వారం గడిచేసరికి బోల్టులు కాస్త వదులవుతాయి, మరోసారి బిగించాలి. బిడ్డ ఎత్తు 89 సెంటీమీటర్లకు చేరినా, కటకటాలమీంచి కాలు వేసినా, ఆ కాట్‌ను విప్పి తర్వాతి బిడ్డ కోసం దాచుకోవచ్చు.